వెనక సీటు దీపం

మా సందులో మేడింటాయన కొత్త కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోవచ్చు కదా! కొట్టు తెరవడానికి పోతున్న నన్ను ఆపి, వెనక తలుపు తీసి మరీ చూపించాడు.

"దేఖో దీదీ, ఎనక సీటుకి కూడా సాకెట్లు కంపెనీవోళ్ళే ఇచ్చీసినారు. ఫోను పెట్టుకో, ల్యాప్‌టాప్ పెట్టుకో, నీ ఇష్టం. కీ తీసీస్తే బంద్. ఏక్‌దమ్ సేఫ్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కారు నిలబెట్టిన చోటు ఎవరిదో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. వెనక సీటుకి సాకెట్ ఉంటే కారు తగలబడిపోతుందని సందంతా పోగుచేసి అరిచిన మనిషి ఈయనే. ఎదురుగా తాళం వేసిన గుమ్మం ఉంది. దాని వైపు చూడడానికైనా మొహం ఉండాలి కదా, ఉన్నట్టే చూస్తున్నాడు. "బావుంది భయ్యా" అనేసి వచ్చేశాను. అబర్డీన్ బజార్ చేరి మిషను ముందు కూర్చున్నా కుట్టు తిన్నగా పడలేదు. చిన్నప్పుడు చర్చిలో మా పంతులమ్మ చెవి మెలేసి తెలుగు రాయడం నేర్పింది. ఆ చదువు ఇలాంటి రోజున పనికిరాకపోతే ఇంకెందుకని, పొద్దున మింగిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

తాళం వేసిన ఆ గుమ్మం బాబాయ్‌ది. వరసకి ఆయన నాకేమీ కాడు. వాళ్ళది సిక్కోలు తీరం నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం, మాది చర్చి కుటుంబం. డిగ్నాబాద్‌లో మా రెండిళ్ళకీ నడుమ గోడ ఒకటే. ఆ గోడ కలిపిన వరసే, ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని.

బాబాయ్‌కి ఒకప్పుడు డింగీ, అంటే ఇంజిను బిగించిన చిన్న వేట పడవ, ఉండేది. పిన్నికి ఉబ్బసం ముదిరాక, రాత్రిళ్ళు ఆవిణ్ణి ఒంటరిగా వదిలి వేటకి పోలేక డింగీ అమ్మేసి పాత తెల్ల కారు కొన్నాడు. జెట్టీ దగ్గరా ఎయిర్‌పోర్టు దగ్గరా సవారీలకి తిప్పేవాడు. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, కాళ్ళకి మాత్రం చెప్పుల్లేకుండా నడిపేవాడు. చెప్పులుంటే బండి ఏమంటోందో కాలికి తెలియదట. కారు వెనక్కి తియ్యాలంటే దిగి వెళ్ళి వెనకంతా చూసొచ్చి, మళ్ళీ ఎక్కి అప్పుడు తీసేవాడు. అద్దం ఉంది కదా బాబాయ్ అంటే, "అద్దంలో ఉన్నదే ఎనకున్నాదని నమ్మకమేటి?" అనేవాడు. టూరిస్టులు నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళని ఆయన పట్టించుకోడు. కానీ ఎవరైనా తలుపు దబ్బున వేస్తే మాత్రం ఊరుకోడు. "అది తలుపు బాబూ, డోలు కాదు" అని హిందీలో చెప్పి, మళ్ళీ తెరిపించి, నెమ్మదిగా వేయించేవాడు.

ఆ కారులో సిగరెట్టు ముట్టించుకోవడానికని గేరు దగ్గర ఒక సాకెట్ ఉండేది. ఒకరోజు వచ్చి వెనక సీటు దగ్గర ఇంకోటి పెట్టిస్తున్నానన్నాడు. టూరిస్టుల ఫోన్ల కోసమనుకున్నాను. పిన్ని కోసం. మందుని పొగలా చేసి ముక్కులోకి పంపే మిషను ఒకటుంది కదా, కారు సాకెట్‌కి తగిలించుకునే వైరుతో సహా అలాంటిది మెయిన్‌లాండ్ నుంచి తెప్పించాడు. మా దీవుల్లో గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. కరెంటు పోయినప్పుడే పిన్నికి ఊపిరాడదు. ఫ్యాను ఆగిన ఇంట్లో కన్నా, తలుపు బార్లా తీసిన కారు వెనక సీట్లో కాళ్ళు చాపుకుంటే ఆవిడకి నయంగా ఉండేది.

సాకెట్‌ని ముందు సీటు వెనక భాగంలో కింద బిగిస్తారు, దాని మీదికి సీటు కవరు దిగుతుంది, కనక కవరుకి అక్కడ కన్నం చేసి కుట్టాలి. ఆ కొలతకని నన్ను లంబాలైన్ అవతలున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అందుకే వాళ్ళిద్దరి గొడవా నా చెవులతో విన్నాను.

"కీ లైన్లోంచి తీస్తాను అంకుల్" అన్నాడు మెకానిక్. "కీ ఆన్ చేస్తేనే కరెంట్ వస్తాది. ఆఫ్ చేస్తే బంద్. బ్యాటరీ దిగదు."

"వొద్దు. బ్యాటరీ కాణ్నించి తిన్నగా తియ్యి."

"సబ్ గాడీ మే ఐసా హీ హోతా హై, అంకుల్."

"గాడీలో అవుతాది. డింగీలో కీ ఎక్కడుందిరా? ఇంజిను ఆగిపోతేనే గదేటి దీపం కావాలి? ఇంజిను సచ్చిపోతే దీపం కూడా సచ్చిపోవాలని ఎవులు సెప్పినార్రా నీకు?"

డింగీలో దీపం బ్యాటరీకి తిన్నగా కలిపి ఉంటుంది. నడి సముద్రంలో ఇంజిను మొరాయిస్తే, చీకట్లో ఇంకో డింగీవాడు చూసి వచ్చేది ఆ దీపాన్ని బట్టే. వేటగాళ్ళు ఎవరూ దానికి అడ్డంగా కీ పెట్టరు. బాబాయ్ కారుని కూడా డింగీలాగే అనుకున్నాడు. పైగా ఇంజిను నడుస్తుంటే దాని పొగ పిన్నికి పడదు. కారు తెలిసినవాళ్ళందరూ అది తప్పన్నారు. తప్పే కావచ్చు, దాని ఫలితం కూడా ఆయన చూశాడు. బ్యాటరీ దిగిపోయిన పొద్దుటిపూటల్లో కారుని సందు వాలులోకి వదిలి, గేరులో వేసి స్టార్ట్ చేసుకునేవాడు. ఎవర్నీ తొయ్యమని అడిగేవాడు కాదు.

చివరికి మెకానిక్కే తగ్గాడు. ఎర్ర వైరు బ్యాటరీ దగ్గర బయల్దేరి, మ్యాటు కిందినుంచి వెనక సీటు దాకా వచ్చింది. "ఫ్యూజు మట్టుకు పెట్టు" అన్నాడు బాబాయ్. "నాను మొండోణ్ణి గానీ ఎర్రోణ్ణి కాదు." బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించి, దాన్ని రెండు మూడుసార్లు తీయించి చూసి, మళ్ళీ పెట్టించాడు. నేను కవరుకి కాజా కుట్టాను. అంత పెద్ద కాజా నా జన్మలో కుట్టలేదు. ఇది ఏ రాక్షసుడి చొక్కా అని కొట్టుకొచ్చినవాళ్ళు ఆటపట్టించారు.

కొన్నాళ్ళు ఆ సాకెట్ పిన్నిదే. తరవాత ఒక సాయంత్రం కరెంటు పోయి, పిన్ని మందు పీల్చుకోవడం అయిపోయి, బాబాయ్ వైరు చుట్టుకుంటుంటే మేడింటాయన ఫోను పట్టుకుని వచ్చాడు. "మావా, థోడా చార్జింగ్." బాబాయ్ ఇచ్చాడు. అంతే, మర్నాటికి సందంతా తెలిసిపోయింది. కరెంటు పోయిందంటే చాలు, ఆ కారు చుట్టూ జాతరే. ఒక సాకెట్ చాలక, నాలుగు ఫోన్లు పట్టే ప్లగ్గు ఒకటి మేడింటాయనే తెచ్చి తగిలించాడు. దాతృత్వమంటే అదీ!

బాబాయ్ ఇచ్చేవాడే కానీ నోరు మూసుకుని ఇచ్చేవాడు కాదు. ఏ ఫోను ఎవరిదో పగిలిన మూలల్ని బట్టి ఆయనకి తెలుసు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని తిట్టేవాడు. "దీనిది కడుపేటి, గోనెసంచేటి? ఎంత పోసినా నిండదు." "ఏటిరా, పొద్దుగూకులూ దీంట్లోకే సూత్తావు, మీయమ్మ మొకం సూసి ఎన్నాళ్ళైంది?" వాన తుంపర కొడితే ఆ ఫోన్లమీద తన తువ్వాలు కప్పి, తను తడిసేవాడు. లోపల పిన్ని దగ్గు వినపడిందా, "దిగండి, అందరూ దిగండి" అని ఫోన్లకే చెప్పి అన్నీ లాగేసేవాడు. ఎడమవైపు వెనక తలుపుకి ఏనాడూ తాళం వెయ్యలేదు.

ఒకసారి నేనే అడిగాను. "ఎందుకిస్తావు బాబాయ్? పొద్దున్న కారు కదలకపోతే వీళ్ళెవరైనా వస్తారా?"

"గంగ మీద నీళ్ళడిగినా దీపమడిగినా నేదనకూడదే అమ్మీ. రేపు మన డింగీ ఆగిపోతే?"

"వీళ్ళ దగ్గర డింగీలు లేవు. సెల్‌ఫోన్లున్నాయి."

"ఏదైతేనేటి? దీపమే గదా అడిగినారు."

గంగంటే ఆయన మాటలో సముద్రం. ఆయనకి కరెంటంతా దీపమే. ఫోనులోకి పోయేదీ, మిషనులోకి పోయేదీ, బల్బులోకి పోయేదీ. అడిగినవాడికి దీపం లేదంటే సముద్రం ఊరుకోదని ఆయన నమ్మకం. నేల మీద మనుషులకి ఆ భయం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కించుకునేవాడు కాదు. మంచితనం కూడా ఒక్కోసారి చూసేవాళ్ళకి ఒళ్ళు మండిస్తుంది.

మేడింటాయనకి అప్పుడే కారు కొనాలని బుద్ధి పుట్టింది, కొన్నది మాత్రం ఇన్నాళ్ళకి. కారు కొంటే నిలపాలి కదా. సందులో కారు పట్టే వెడల్పు ఒక్క బాబాయ్ గుమ్మం ముందే ఉంది. అలాగని పైకి చెప్పలేడు. ఎక్కడో మెయిన్‌లాండ్‌లో రోడ్డు మీద కారు భగభగా మండుతున్న వీడియో ఒకటి ఆయన ఫోనులోకి వచ్చింది. దాన్ని సందులో అందరికీ పంపించాడు. వైరింగ్ మార్చిన కార్లు ఇలాగే అంటుకుంటాయని, ఇళ్ళ మధ్య ఇలాంటిది ఉండకూడదని, పిల్లాపాపలున్నవాళ్ళమని. ఆదివారం సాయంత్రం నీళ్ళ ట్యాంకు దగ్గర అందరూ చేరారు. నేనూ వెళ్ళాను. ఆవేళ మధ్యాహ్నం నుంచీ కరెంటు లేదు.

"నీ మీద కోపం నేదు మావా" అన్నాడు మేడింటాయన. "సేఫ్టీ కా సవాల్ హై. తిన్నగా బ్యాటరీ కాణ్నించి వైరు లాగినావు గదా? రాత్తిరి అంటుకుంటే సందు సందంతా సఫా అయిపోతాది. పైన రోడ్డు మీద పెట్టుకో. ఎంత దూరమేటి?"

"ఫ్యూజుంది. రా, సూపిస్తాను" అన్నాడు బాబాయ్.

"ఫ్యూజు ఉన్నా నేకపోయినా..."

"ఉందిరా. వొచ్చి సూడండి ఎవులైనా."

కారు అక్కడికి పిలిచేంత దూరంలో ఉంది. వెళ్ళి బానెట్టు ఎత్తి నిలబడ్డాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి చూడలేదు. చూస్తే ఫ్యూజు కనిపిస్తుంది, కనిపిస్తే ఒప్పుకోవాలి. నేను గట్టిగానే అడిగాను. "సాకెట్ పెట్టి ఇన్నాళ్ళయింది, మీ ఫోన్లు కరెంటు తిన్నప్పుడు అంటుకోలేదా?" అని. "ఆప్ మత్ బోలో దీదీ, ఇది మీకు అర్థం కాదు" అన్నాడు ఒకాయన. దర్జీదానికి మంట సంగతేం తెలుస్తుందని కాబోలు.

బాబాయ్ బానెట్టు దించాడు. వెనక తలుపు తీశాడు. లోపల నాలుగు ఫోన్లు చార్జింగ్‌లో ఉన్నాయి. మీటింగుకి వస్తూ వస్తూ పెట్టి వచ్చినవే! ఒక్కొక్కటీ ఊడదీసి, తువ్వాలుతో తుడిచి, ఎవరిది వాళ్ళ చేతికి తెచ్చి ఇచ్చాడు. మేడింటాయన ఫోను ఆఖర్న ఇచ్చాడు.

"నీది ఇంకా నిండనేదు. పరవానేదేటి?"

ఆయన తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సిగ్గనేది ఉంటే ఆ క్షణాన ఆ ఫోను చేతిని కాల్చి ఉండాలి. ఆ సాయంత్రమే కారు పైకి వెళ్ళిపోయింది.

నేను ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. "నీ గుమ్మం ముందు నీ కారు. గొంతులేదా నీకు? ఫోన్లని తిట్టడానికి ఉంటుందే!" గోడ అవతల పిన్ని ఉందని చేత్తో సైగ చేశాడు.

"నాను అరిస్తే అది దడుసుకుంటాదే. దడుసుకుంటే దగ్గు. దగ్గితే ఏటవుతాదో నీకు తెల్దా? గెలిసి ఏటి సేసుకుంటాను?"

  ఆయన గొడవ పడలేడని మేడింటాయనకి కూడా తెలుసు.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. గోడ అవతల నుంచి పిన్ని దగ్గు మొదలైంది. ఆగడం లేదు. పరుగెత్తుకెళ్ళేసరికి ఆవిడ గోడకి ఆనుకుని, రెండు చేతులూ నేలకి ఆన్చి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం వెతుక్కుంటోంది. మిషను ఒళ్ళో ఉంది. బాబాయ్ లేడు. ఆ వానలో ఆవిణ్ణి పైకి ఎలా నడిపించడం, ఎవర్ని కేకెయ్యడం అని నేను గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, పైన రోడ్డు నుంచి వాలు మీద బాబాయ్ దిగి వస్తున్నాడు. తువ్వాలు చుట్టగా చుట్టి భుజాన పెట్టి, దానిమీద కారు బ్యాటరీ. ఒక చెయ్యి బ్యాటరీ మీద, ఒక చెయ్యి గోడ మీద. పాచి పట్టిన సిమెంటు మీద ఆ చెప్పుల్లేని కాళ్ళు వేళ్ళతో నేలని పట్టుకుంటూ దిగుతున్నాయి.

లోపలికొచ్చి దించాడు. చెక్కముక్కకి బిగించిన ఇంకో సాకెట్, దానికి రెండు వైర్లు, వైర్ల చివర క్లిప్పులు, అన్నీ మంచం కింద సిద్ధంగా ఉన్నాయి. కారుని పైకి పంపించిన రోజునే చేసి పెట్టుకున్నాడట. క్లిప్పులు తగిలించాడు. మిషను బుర్రుమంది. పిన్ని ముక్కుకి గొట్టం పెట్టి, ఆవిడ భుజాలు దిగేదాకా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మాట పెగలగానే పిన్ని అన్న మొదటి మాట, "కాళ్ళు తుడుసుకో. జారతావు."

ఆ రోజు నుంచీ అదే వరస. వేటకి పోయొచ్చిన మనిషి డింగీ బ్యాటరీని ఒడ్డున వదలడు, భుజానేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. బాబాయ్ కూడా సాయంత్రం సవారీలు అయ్యాక బ్యాటరీ విప్పి కిందికి మోసుకొచ్చేవాడు, పొద్దున్నే పైకి మోసుకుపోయి బిగించేవాడు. "డింగీ ఉన్నన్నాళ్ళూ మోసినాను గదేటి, కొత్తేటి" అనేవాడు. అప్పుడు వయసులో ఉన్నాడు, ఈసరికి వాలు సగంలో ఆగి ఎవరింటి మెట్టు మీదో బ్యాటరీ దించుకునేవాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు చూసేవారు. మేడింటాయనైతే బాల్కనీలోంచి, "బఢియా ఎక్సర్‌సైజ్ మావా, ఇలాగే ఫిట్‌గా ఉండు" అనేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కరెంటు పోగానే మళ్ళీ ఫోన్లు పట్టుకుని ఆ ఇంటికే వచ్చారు! కారు ప్రమాదం కానీ బ్యాటరీ ప్రమాదం కాదట. బాబాయ్ ఆ చెక్క సాకెట్ గుమ్మం దాకా జరిపి, పిన్ని మిషను అయ్యాక, వాళ్ళనీ వాళ్ళ ఫోన్లనీ తిడుతూ తగిలించేవాడు. నేను తలుపేసుకుని లోపల కూర్చునేదాన్ని. చూస్తే నోరు ఆగదు.

మొన్న చలికాలంలో బాబాయ్ పోయాడు. జెట్టీ దగ్గర ఓడ కోసం కారులో కూర్చుని, ఆ సీట్లోనే. ఆ బరువే చంపిందని నేనను. డాక్టరు గుండె అన్నాడు, గుండే అనుకుంటాను. తోటి టాక్సీవాళ్ళు ఆయన్ని ఇంటికి చేర్చి, కారు తెచ్చి పైన రోడ్డు మీద నిలబెట్టి పోయారు.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక సందులోవాళ్ళందరూ ఆ ఇంట్లో, అరుగు మీద కూర్చున్నారు. మర్నాడు పిన్నిని లంబాలైన్‌లో చెల్లెలింటికి తీసుకెళ్ళాలని, కారు అమ్మెయ్యాలని వాళ్ళవాళ్ళు అప్పటికే అనుకున్నారు. పిన్ని గోడకి ఆనుకుని చాప మీద ఉంది, నేను పక్కన ఉన్నాను. అందరూ బాబాయ్ మంచితనం చెబుతున్నారు. అడిగితే లేదనని మనిషి అన్నారు. మేడింటాయన గొంతు సవరించుకున్నాడు.

"మావ మంచోడే. ఇస్ మే కోయీ షక్ నహీ. కాపోతే కొంచెం జిద్దీ, మొండోడు. ఆ బ్యాటరీ మోత ఎందుకు చెప్పు? కారు ఇక్కడే పెట్టుకుంటే ఎవులు వొద్దన్నారు?"

నా చెవులతో విన్నాను. చుట్టూ చూశాను. కొందరు తలూపుతున్నారు. ఊపనివాళ్ళు చాప అంచు పీకుతున్నారు. "ఎవరు వద్దన్నారో చెప్పనా" అని నేను అంటూండగానే ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. కరెంటు పోయింది. చలికాలమైనా మా దీవుల్లో తప్పని మధ్యాహ్నపు ఉక్క ఒక్కసారి మీద పడింది. అలవాటుగా అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి.

మేడింటాయన తన ఫోను చూసుకుని, అటూ ఇటూ వెతికాడు. "అత్తా, ఆ బ్యాటరీ ఎక్కడుంది?"

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఆవిడ గొంతు పెద్దది కాదు, అయినా అరుగు చివరిదాకా వినపడింది.

"ఉంది బాబూ. ఎక్కడికి పోతాది? కారులోనే ఉంది. కారు పైన రోడ్డు మీదుంది. ఎవులైనా ఎల్లి, విప్పి, బుజానేసుకు తెండి. సాకెట్టు మంచం కింద ఉంది."

ఎవరూ లేవలేదు. నేను లేవబోతే పిన్ని నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ ఉక్కలో, చేతుల్లో ఫోన్లతో, కరెంటు వచ్చేదాకా అందరం అలాగే కూర్చున్నాం.